అన్నీ మీగడ రంగులే!

"మేడమ్ గారూ, రంగు ఏదో ఈ పూటకు తేల్చి చెప్పారంటే రేపు పొద్దున్నే డబ్బాలు తెచ్చుకుంటాను" అన్నాడు మేస్త్రీ. అని నాలుగు రోజులైంది. గోడలు గీకి, లప్పం పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, ప్రైమరు కూడా పూసి సిద్ధంగా ఉంచాడు. సామానంతా హాలు మధ్య కుప్పగా చేర్చి, పైన పాత దుప్పట్లు కప్పి, మేము వంటింట్లో కాపురం చేస్తున్నాము. తేలనిదల్లా రంగు ఒక్కటే.

పోనీ, అది ఎరుపా, ఆకుపచ్చా అని వాదించుకుంటున్నామా అంటే అదీ లేదు. మీగడ రంగు వేయించాలని అందరమూ ఒప్పుకున్నాము. మావారికీ అదే కావాలి, మా పెద్దపిల్లకూ అదే, నాకూ అదే. ఇరవై ఏళ్ళ కాపురంలో ఇల్లంతా ఒక్క మాట మీద నిలబడిన విషయం ఇదే మొదటిది కాబోలు. కాని దుకాణంవాడిచ్చిన షేడ్ కార్డు విప్పేసరికి ఆ ఐకమత్యం కాస్తా విరిగిపోయింది. ఒక్క మీగడ రంగులోనే ముప్ఫైకి తక్కువ కాకుండా చతురపు ముక్కలు! ఒకటి దంతమట, ఒకటి బాదంపప్పట, ఒకటి బిస్కట్టట, మరొకటి ఎడారి ఇసుకట. మొదటిదానికీ చివరిదానికీ తేడా తెలుస్తుంది గాని, పక్కపక్కనున్న రెండింటికీ తేడా ఏమిటో చెప్పమంటే విశ్వకర్మ కూడా తల గోక్కోవలసిందే.

"అన్నీ ఒకటేగా, ఏదైతేనేం" అని కళ్ళు మూసుకుని వేలు పెట్టేవాళ్ళున్నారు. అయిదేళ్ళ కిందట మేము చేసిన పని కూడా అదే. కార్డులో చక్కటి మీగడలాగా ఉన్న ఆ రంగు గోడకెక్కేసరికి, చెమటకాయలకు పూసే కాలమైన్ మందులాగా గులాబీ ఛాయ తిరిగింది. పగలు ఏదో సరిపెట్టుకునేవాళ్ళం. రాత్రి దీపం వేస్తే ఇల్లంతా మందు పూసుకుని కూర్చున్నట్టుండేది. రంగు మార్చాలంటే మళ్ళీ అంత ఖర్చు. అందుకని అయిదేళ్ళూ ఆ మందులోనే గడిపాము. ఒకసారి చెయ్యి కాలినవాళ్ళం కనుక ఈసారి తొందరపడకూడదనుకున్నాము. నాలుగు పుస్తకాలు తిరగేశాను, నలుగురిని అడిగాను, గోడల ముందు గంటలకొద్దీ నిలబడ్డాను. అలా తెలిసిన సంగతులు ఇల్లు వెల్ల వేయించబోయే ఇతరులకు కూడా పనికివస్తాయేమోనని ఇక్కడ చెపుతున్నాను.

ముందు పేరు సంగతి. తెలుగు చెప్పుకుని బతికేదాన్ని కనుక పేరు దగ్గర ఆగకుండా ముందుకు పోలేను. ఈ రంగును ఇంగ్లీషువాళ్ళు 'బేజ్' అంటారు. ఆ మాట వాళ్ళ సొంతం కాదు. ఫ్రెంచివాళ్ళ దగ్గర తెచ్చుకున్నారు. అద్దకం వేయని, చలువ చేయని ఉన్నిబట్టకు అక్కడ ఆ పేరు. మన కోరాబట్ట అన్నమాట. మనకు దీనికి సరిగ్గా సరిపడే ఒక్క మాట లేదు. గోధుమరంగు అందామా అంటే, మన బడిపుస్తకాలు గోధుమరంగును 'బ్రౌన్' కిందికి తోసేశాయి. మీరు గోధుమపిండిని మనసులో పెట్టుకుని "గోధుమరంగు వేయవోయ్" అని మేస్త్రీకి చెప్పి ఊరికి వెళ్ళారంటే, తిరిగి వచ్చేసరికి మీ హాలు రైలుపెట్టెలాగా తయారై ఉంటుంది.

ఒక్క మాట లేదు గాని, మన ఇళ్ళలో ఉన్న వస్తువుల పేర్లు తలచుకుంటే కొదవ ఏముంది? మీగడ, జున్ను, గంధం, దంతం, అటుకులు, నువ్వులు, మొగలిరేకు. షేడ్ కార్డు మీది పేర్లకన్నా ఇవే నాకు ఎక్కువ ఉపయోగపడ్డాయి. ఎందుకంటే, జున్ను అనగానే అందులో పసుపు ఉందని తెలుస్తుంది. గంధం అరగదీస్తే అడుగున ఎరుపు తగులుతుంది. వేయించని నువ్వులను దోసిట్లో పోసుకుని చూస్తే కొంచెం బూడిదగా ఉంటాయి. మొగలిరేకును వెలుతురుకు పట్టి చూడండి, ఎక్కడో పచ్చదనం దాగి ఉంటుంది. నాలుగూ మీగడ రంగులే. కాని నాలుగింటి అడుగునా నాలుగు వేరే రంగులు దాక్కుని ఉన్నాయి. రంగులు వేసేవాళ్ళు చెప్పే రహస్యమంతా ఈ అడుగుఛాయలోనే ఉంది. తెలుగులో 'ఛాయ' అంటే రంగూ అవుతుంది, నీడా అవుతుంది, ప్రతిబింబమూ అవుతుంది. ఈ మూడర్థాలూ ఒక్క మాటలో ఎందుకు ఇమిడాయో నాకు ఈ వేసవిలో గోడల దగ్గర తెలిసివచ్చింది.

అడుగుఛాయ ఎక్కడినుంచి వస్తుందో చూడాలంటే దుకాణంలో రంగు కలిపే యంత్రం దగ్గర ఒక్క నిమిషం నిలబడితే చాలు. డబ్బాలో ఉండేది దాదాపు తెల్లరంగే. యంత్రం అందులోకి పసుపు మట్టిరంగు కొంచెం, ఎర్ర మట్టిరంగు కొంచెం, నలుపు కొంచెం చుక్కలు చుక్కలుగా వదులుతుంది. ఆ చుక్కల్లో ఎరుపు ఒక పాలు ఎక్కువైతే గంధం. మరీ ఎక్కువైతే మా పాత కాలమైన్ మందు. పసుపు ఎక్కువైతే జున్ను. నలుపు ఎక్కువైతే నువ్వులు. ఇక్కడ ఒక తమాషా ఉంది. పసుపులో నలుపు కలిపితే మాసిన పసుపు వస్తుందనుకుంటాం గదా? రాదు. ఆకుపచ్చ తిరుగుతుంది. మొగలిరేకు రంగు పుట్టుక అదీ. పిల్లల రంగులపెట్టె తీసికొని కలిపి చూడవచ్చు.

ఆల్బర్ట్ మన్సెల్ అని అమెరికాలో ఒక చిత్రకారుడు, డ్రాయింగు మాస్టరు ఉండేవాడు. రంగులకు పేర్లు పెట్టి లాభం లేదు, కొలతలు ఉండాలని ఆయన 1905లో ఒక చిన్న పుస్తకం వేశాడు. ప్రతి రంగుకూ మూడు కొలతలన్నాడు: అది ఏ జాతి రంగు, ఎంత వెలుతురుగా ఉంది, ఎంత చిక్కగా ఉంది. మీగడ రంగులన్నీ పసుపుకూ ఎరుపుకూ మధ్య జాతివి, వెలుతురు బాగా ఎక్కువ, చిక్కదనం బహు తక్కువ. చిక్కదనం తక్కువ కనుకనే చిన్న ముక్కగా చూచినప్పుడు ఏ జాతిదో కంటికి అందదు.

మావారు లెక్కల మనిషి. కొన్ని షేడ్ కార్డుల్లో ప్రతి రంగు కిందా ఒక అంకె ఉంటుంది. తన మీద పడిన వెలుతురులో ఆ రంగు ఎంత తిరిగి ఇస్తుందో చెప్పే అంకె. కారునలుపుకు 0, మచ్చలేని తెలుపుకు 100. ఆయన ఆ అంకెలన్నీ కాగితం మీద రాసుకుని, "మన హాలు చీకటి కనుక 65కు తగ్గకూడదు" అని తీర్మానించారు. మాట మంచిదే. చీకటి గదికి ఎక్కువ అంకె రంగు వేస్తే దీపాల ఖర్చు కూడా కలిసివస్తుంది. కాని అంకె వెలుతురు సంగతి చెపుతుంది గాని అడుగుఛాయ సంగతి చెప్పదు. ఒకే అంకె ఉన్న రెండు రంగుల్లో ఒకటి గులాబీ కావచ్చు, ఇంకొకటి పచ్చబడవచ్చు. కాలమైన్ మందుకు కూడా మంచి అంకే ఉంది. ఆయనకు ఆ మాట చూపించాక కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

అడుగుఛాయను బయటికి లాగడానికి ఒక సులువుంది. మీగడ రంగు ఒంటరిగా ఉన్నప్పుడు ఎంతో అమాయకంగా ఉంటుంది. దాని పక్కన తెల్లకాగితం పెట్టండి, కొంచెం బయటపడుతుంది. దాని అన్నదమ్ములను మరి ముగ్గురిని పక్కన నిలబెట్టండి, పూర్తిగా బయటపడుతుంది. అందుకే కార్డు చూచి కాక, ఎంచుకున్న నాలుగు రంగులవీ చిన్న డబ్బాలు కొని తెచ్చుకోవాలి. రెండడుగుల చదరపు అట్టలు నాలుగు తీసికొని, అంచున రెండంగుళాలు తెల్లగా వదిలి, రెండేసి పూతలు వేసి, ఒక రోజంతా ఆరనివ్వాలి. తడిగా ఉన్నప్పుడు చూచి నిర్ణయించుకోకూడదు. మన పాత సున్నపు వెల్ల తడిమీద నీళ్ళలాగా పలచగా ఉండి, ఆరినకొద్దీ తెల్లగా తేలేది. ఇప్పటి ఎమల్షన్ రంగులు సాధారణంగా అందుకు తిరకాసు. ఆరాక ఒక పిసరు ముదురుతాయి. పాతకాలపు మేస్త్రీల కన్ను సున్నానికి అలవాటు పడినది కనుక, "ఆరితే తేలిపోతుందిలెండి" అని వాళ్ళు ధైర్యం చెపితే నమ్మకండి.

అట్టల అంచు ఎందుకు వదలాలన్నది పెద్ద కథ. పారిస్ నగరంలో గోబెలిన్ అని చిత్రాల తివాసీలు నేసే పేరుమోసిన కార్ఖానా ఉంది. 1824లో అక్కడి అద్దకాల విభాగానికి షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్తను అధికారిగా వేశారు. వెళ్ళగానే ఆయనకు ఫిర్యాదులు ఎదురైనాయి. అందులో ఒకటి, నల్లదారం అద్దకం బాగాలేదు, నీలిబట్టల నీడల్లో వాడితే ఆ నలుపు వెలవెలబోతున్నదని. ఆయన ఆ దారాన్ని తెచ్చి పరీక్ష చేశాడు. పేరుపడిన ఇతరచోట్ల దారంతో పోల్చి చూచాడు. అద్దకంలో లోపమేమీ లేదు. లోపం పొరుగున ఉంది. నీలం, ఊదా పక్కన చేరిన నలుపు ఆ పొరుగు వల్లనే తేలిపోతున్నది. ఆ తీగ పట్టుకుని లాగి ఆయన 1839లో పెద్ద గ్రంథం రాశాడు: పక్కపక్కనున్న రెండు రంగులు ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయని. నీలం పక్కనున్నది నారింజ వైపుకు జరుగుతుంది. ఆకుపచ్చ పక్కనున్నది ఎరుపు వైపుకు జరుగుతుంది. రంగు ఏమీ మారదు, కన్ను మారుస్తుంది. మహానుభావుడు 102 ఏళ్ళు బతికాడు.

అందుచేత పాత గోడ మీద నాలుగు పట్టెలు కొట్టి కొత్తరంగు ఎంచుకోవడం శుద్ధ తప్పు. పాత గోడ నీలమైతే ఏ మీగడరంగైనా పండిన మామిడిపండులాగా కనిపిస్తుంది. మావారు మొదటిరోజున గులాబీ గోడమీదే పట్టెలు కొట్టించి, "అన్నీ పచ్చగా ఉన్నాయేమిటే?" అని దిగులుపడ్డారు. అన్నీ కాదు, వాటి పొరుగు అటువంటిది.

ఇక వెలుతురు. చీరకు జాకెట్టుగుడ్డ కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? దుకాణంలో వెయ్యి దీపాలున్నా నమ్మక, రెండూ పట్టుకుని వీధి గుమ్మందాకా వచ్చి, ఎండలో పెట్టి చూస్తాం. దుకాణంవాడు "లోపల కూడా అదే రంగమ్మా" అంటాడు, మనం వినం. మనదే సరైన పని. ఒక దీపం కింద అచ్చంగా కలిసిపోయిన రెండు రంగులు మరో వెలుతురులో విడిపోవడం నిజంగానే ఉంది. శాస్త్రజ్ఞులు దానికి మెటామెరిజం అని పేరు పెట్టారు. వేరువేరు మట్టిరంగులు కలిపి ఒకే రంగు తెప్పించినప్పుడు ఇలా జరుగుతుంది. ఒక కంపెనీ రంగును మరొక కంపెనీ డబ్బాలో కలిపించుకుంటే దుకాణంలో సరిపోయి ఇంట్లో తేడా రావడానికి ఇదొక కారణం. జాకెట్టుగుడ్డకు చూపించే శ్రద్ధ గోడలకు ఎందుకు చూపించమో నాకు అర్థం కాదు. జాకెట్టు ఏడాదికి పాతబడుతుంది, గోడను అయిదేళ్ళు చూడాలి గదా!

మా హాలుకు కిటికీలు ఉత్తరం వైపు. ఉత్తరపు వెలుతురు ఎండ కాదు, ఆకాశం నుంచి వచ్చేది. కనుక కొంచెం నీలంగా ఉంటుంది. పుస్తకాలన్నీ ఇదే మాట రాస్తాయి. అవి చలిదేశాలవాళ్ళు రాసినవి. మన గుంటూరులో మే మొదటివారం నుంచి ఆగస్టు మొదటివారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి వంగి ఉంటాడు. ఆ మూడు నెలలూ ఉత్తరపు కిటికీ మీదికే ఎండ వాలుతుంది. తక్కిన తొమ్మిది నెలలూ మధ్యాహ్నం ఆకాశపు వెలుతురే. మనం రంగులు వేయించేది సరిగ్గా వేసవి సెలవుల్లో! అంటే హాలు తన మామూలు మొహంతో ఉండని రోజుల్లో దానికి రంగు ఎంచుతున్నామన్నమాట. పైగా కిటికీ ముందు వేపచెట్టు. ఆకులలోంచి వచ్చే వెలుతురు గోడకు పచ్చదనం పులుముతుంది. ఇక నేల. ఎర్రగచ్చు ఉన్న ఇళ్ళలో గోడ కిందిభాగం ఎప్పుడూ కొంచెం సిగ్గుపడుతున్నట్టుంటుంది. పెద్దలు సున్నంలో చిటికెడు నీలిమందు వేసేవారంటే ఊరికే కాదు. సున్నంలోని పసుపును ఆ నీలం కప్పిపెట్టేది.

రాత్రి దీపాల సంగతి వేరు. ఎల్.ఇ.డి. బల్బు పెట్టె మీద ఒక అంకె, పక్కన 'కె' అనే ఇంగ్లీషు అక్షరం ఉంటాయి. 2700 అంటే పాత బల్బులాగా పసుపు. 4000 అంటే మధ్యస్థం. 6500 అంటే తెల్లగా, నీలం తిరిగి ఉంటుంది. అంకె పెరిగితే వెచ్చదనం పెరగాలి గదా అనిపిస్తుంది. కమ్మరికొలిమిలో ఇనుము తలచుకోండి. ముందు ఎర్రబడుతుంది, ఇంకా కాలితే పసుపు, ఇంకా కాలితే తెలుపు. ఆ వరుసే ఇది. మా హాల్లో ఉన్నది 6500. దాని కింద నువ్వుల రంగు అట్ట పెడితే సిమెంటు పలకలాగా ఉంది. "ఈ రంగు పనికిరాదు" అని తీసిపారేయబోయి, ఒక్క బల్బు 3000ది తెచ్చి మార్చి చూస్తే మళ్ళీ నువ్వులయింది. గోడను నిందించే ముందు బల్బును విచారించడం మంచిది. బల్బు ఖరీదెంత, గోడ ఖరీదెంత!

కార్డులో లేతగా ఉన్న రంగు గదిలో ఎందుకు ముదురుతుందో కూడా చెప్పి ముందుకు పోతాను. గోడమీద పడిన వెలుతురంతా నేరుగా మన కంటికి రాదు. కొంత ఎదుటి గోడకు పోతుంది, అక్కడినుంచి పక్కగోడకు, అక్కడినుంచి పైకప్పుకు. తగిలిన ప్రతిచోటా మీగడరంగు ఆ వెలుతురులోని నీలాన్ని కొంత మింగి, మిగిలినదాన్ని వదులుతుంది. నాలుగు గోడలూ తిరిగేసరికి, అద్దకంలో నాలుగుసార్లు ముంచిన బట్టలాగా రంగు చిక్కబడుతుంది. కార్డు ముక్కకు ఎదుటి గోడ లేదు. మా గులాబీ గది రహస్యం ఇదేనని ఇప్పుడు తెలిసింది. అందువల్ల నచ్చినదానికన్నా ఒక మెట్టు లేతరంగు తీసికోవడం క్షేమం.

మా నాలుగు అట్టలకూ వెనుక సుద్దముక్కతో జున్ను, గంధం, నువ్వులు, మొగలిరేకు అని పేర్లు రాసి, ఈ గోడకూ ఆ గోడకూ మారుస్తూ, పొద్దున్న ఏడింటికీ, మధ్యాహ్నమూ, రాత్రి ఎనిమిదింటికీ చూస్తూ కూర్చున్నాము. మొగలిరేకు వేపచెట్టు ధర్మమా అని మొదటిరోజే పోయింది. మనిషికి కామెర్లు వచ్చి తగ్గినట్టుంది. తక్కిన మూడింటి మధ్య ఎటూ తేలలేదు. మావారు జున్ను, పిల్ల నువ్వులు, నేను గంధం. అటువంటి సమయంలో ఒంగోలు నుంచి మా అత్తయ్య వచ్చారు.

ఆవిడకు డెబ్బై ఎనిమిదేళ్ళు. రెండు కళ్ళకూ శుక్లాలు. మా ఆడపడుచు ఇంట్లో ఉండి కుడికంటికి ఆపరేషను చేయించుకున్నారు. ఎడమకంటికి నెలరోజులు పోయాక చేస్తామన్నారట. ఆవిడ వెళ్ళేముందు, సంక్రాంతి నాటి సంగతి ఒకటి చెప్పాలి. రాత్రి మంచినీళ్ళకు లేచి, హాలులోంచి వంటింటికి తిరిగేచోట గోడ అంచుకు భుజం కొట్టుకున్నారు. ఎముక విరగలేదు గాని, పదిహేను రోజులు చెయ్యి పైకెత్తలేకపోయారు. చూపు తగ్గింది కదా, అందుకే అని మేము సరిపెట్టుకున్నాము. ఆవిడను చూచిన డాక్టరుగారు ఇల్లు ఎలా ఉంటుందని అడిగారట. గోడలు మీగడరంగు, ద్వారబంధాలకూ అదే రంగు, నేలమీద పలకలూ ఇంచుమించు అదే రంగు, స్విచ్చుల బోర్డులు తెలుపు. "ఇక పెద్దావిడకు గోడ ఎక్కడ అయిపోయిందో, దారి ఎక్కడ మొదలైందో ఎలా తెలుస్తుంది?" అన్నారట ఆయన. మేము ఎంతో ముచ్చటపడి అన్నీ ఒకదానికొకటి కలిసిపోయేటట్టు వేయించుకున్నాము. మాకు కలిసిపోవడం అందం. ఆవిడకు మాత్రం గుమ్మమే మాయమైపోయింది.

అత్తయ్య వచ్చిన సాయంత్రం అట్టలు చూపించాను, మాట వరసకు. ఆవిడ కాసేపు చూచి, ఎడమకన్ను చేత్తో మూసుకున్నారు. తరవాత కుడికన్ను మూసుకున్నారు. మళ్ళీ ఎడమకన్ను. చిన్నపిల్లలాగా నవ్వారు.

"అమ్మాయ్, ఈ కంటితో చూస్తే మూడూ నెయ్యి రంగే. కొత్త కంటితో చూస్తే ఒకటి పసుపు, ఒకటి గులాబీ, ఒకటి ముగ్గుపిండి."

మాకు మూడురోజులకు గాని అంతుపట్టని అడుగుఛాయ ఆవిడకు అరనిమిషంలో అందింది! ఇందులో మంత్రమేమీ లేదు. వయసు పెరిగినకొద్దీ కంటిలోని కటకం పసుపు తిరుగుతుంది. శుక్లం ముదిరితే మరీను. పసుపు అద్దం పెట్టుకుని చూచినట్టే. నీలపు వెలుతురును అది లోపలికి రానివ్వదు. ఇది ఏళ్ళతరబడి మెల్లగా జరుగుతుంది కనుక మనిషికి తెలియదు. ఆపరేషనులో ఆ కటకాన్ని తీసివేసి స్వచ్ఛమైనది పెట్టగానే నీలాలు ఒక్కసారిగా పైకి లేస్తాయి. ఫ్రాన్సు దేశపు చిత్రకారుడు మోనేకు శుక్లాలున్నాయని 1912లో తేలింది. 1923లో కుడికంటికి ఆపరేషను చేయించుకున్నాక, అంతా నీలంగా కనిపిస్తున్నదని ఆయన గోలపెట్టాడు. రంగు అద్దాలు పెట్టుకుని చూడవలసి వచ్చింది. ఒక కన్ను అయి ఇంకొకటి కావలసినవాళ్ళకు కొన్నాళ్ళపాటు రెండు కళ్ళకూ రెండు లోకాలు. మా అత్తయ్య ఆ కొన్నాళ్ళలో ఉన్నారు.

అప్పుడు గాని మాకు అసలు ప్రశ్న తట్టలేదు. ఈ ఇంట్లో పొద్దస్తమానం గోడలు చూస్తూ ఉండేది ఎవరు? మావారు బాంకుకు, నేను కాలేజీకి, పిల్లలు చదువులకు. గోడలతో కాపురం ఆవిడది. ఆవిడను అడగకుండా మేము ముగ్గురం మూడు అట్టలు పట్టుకుని పోట్లాడుకుంటున్నాము. ఆవిడ ఏ కంటిని లెక్కలోకి తీసికోవాలన్నది కూడా తేలికే. నెల తిరిగితే ఎడమకన్ను కుడికన్నుతో చేరుతుంది. కనుక తీర్పు కొత్త కంటిదే.

ఆవిడ హాలుకు జున్ను అన్నారు. ఉత్తరపు నీలం వెలుతురులో, వేపాకు పచ్చలో ఆ పసుపే నిలబడింది. తన గదికి మాత్రం నువ్వులు కావాలన్నారు. ఆ గదికి కిటికీ పడమట. సాయంత్రం ఎర్రటి ఎండ నేరుగా లోపలికి వస్తుంది. ఆ ఎండలో జున్ను అట్ట పెడితే పసుపుకొమ్ము అయిపోయింది, నువ్వుల అట్టేమో చక్కటి మీగడగా మారింది. మావారు ఒప్పుకోలేదు. ఇల్లంతా ఒకే రంగైతే మిగిలిన డబ్బా దేనికైనా పనికివస్తుందని ఆయన వాదన. కాని రెండు అట్టలూ వాటివాటి గదుల్లో పెట్టి, మధ్య గుమ్మంలో ఆయనను నిలబెట్టి చూపిస్తే, రెండూ ఒకే రంగనుకున్నారు. ఇల్లంతా ఒక్క రంగుగా కనిపించాలంటే రెండు డబ్బాలు కావాలని ఆయన లెక్కల పుస్తకంలో ఎక్కడా లేదు. నా గంధాన్ని ఎవరూ అడగలేదు. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, రాత్రి దీపం కింద అది మళ్ళీ కాలమైన్ మందు వైపే నడుస్తున్నది.

ద్వారబంధాలకు ముదురు టేకు రంగు వేయించాము. నేలకూ గోడకూ మధ్య ఉండే పట్టీకి కూడా అదే. భుజం కొట్టుకున్న గోడ అంచుకు, కింది నుంచి పైదాకా నాలుగంగుళాల మేర ముదురు పట్టె దింపించాము. స్విచ్చుల బోర్డు చుట్టూ ఒక గీత. పిల్ల మొదట "ఆస్పత్రిలాగా ఉంటుందమ్మా" అని మూతి ముడిచింది గాని, అయ్యాక చూస్తే పాత మండువా ఇళ్ళ గుమ్మాలలాగా నిండుగానే ఉంది. మన పాత ఇళ్ళలో తెల్లటి వెల్లగోడకు నల్లటి కర్ర గుమ్మం, పసుపు పూసిన గడప. చీకట్లో కూడా గడప ఎక్కడుందో తెలిసేది.

మేస్త్రీకి రెండు మాటలు చెప్పాను, మీరూ చెప్పండి. ఒక గదికి కావలసిన రంగంతా ఒకేసారి కలిపించి, డబ్బాలన్నీ ఒక పెద్ద బకెట్లో పోసి కలిపాకనే పని మొదలుపెట్టాలి. ఎంత యంత్రమైనా డబ్బాకూ డబ్బాకూ వెంట్రుకవాసి తేడా రావచ్చు. గోడ మధ్యలో డబ్బా మారితే అతుకు కనిపిస్తుంది. రెండోది, మంచం తలవైపు గోడకు కడగడానికి వీలైన రకం వేయించుకోవాలి. మీగడరంగు మీద తలనూనె మచ్చకన్నా మొండిది లేదు.

పని ముగిసి, సామాను సర్దుకుని, మూటకట్టి ఉంచిన పరదాలు ఉతికి మళ్ళీ హాలు కిటికీలకు వేలాడదీసిన నాడు అత్తయ్య వచ్చి సోఫాలో కూర్చున్నారు. గోడలకేసి చూచారు. గుమ్మంకేసి చూచారు. తరవాత పరదాల దగ్గర ఆగిపోయారు.

"కొత్తవి కొన్నారా అమ్మాయ్?"

"లేదత్తయ్యా, పాతవే. మీరు రోజూ చూచినవే."

ఆవిడ కుడికన్ను మూసుకుని ఒకసారి చూచారు. తెరిచి మళ్ళీ చూచారు. లేచి వెళ్ళి ఆ నెమలికంఠం నీలాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని నిలబడ్డారు.

"ఇన్నాళ్ళూ ఇవి ఆకుపచ్చవనుకున్నానే!"